డాలస్ నుంచి హైదరాబాదు ఎంత దూరం?

 

ఈ వారం నాకిచ్చిన విషయం చూడ్డానికి చాలా చిన్నది. డాలస్ నుంచి హైదరాబాదు ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది? ఇందులో పావుగంట మాట్లాడ్డానికి ఏముంది, కంప్యూటర్లో కొడితే వచ్చేస్తుంది కదా అంటారేమో. వస్తుంది. దూరం సుమారు 14,420 కిలోమీటర్లని వస్తుంది. విమానం గంటకి 900 కిలోమీటర్ల చొప్పున పోతుంది కాబట్టి పదహారు గంటలని కూడా వస్తుంది. కానీ మనలో ఎవరైనా పదహారు గంటల్లో హైదరాబాదులో దిగామా? టిక్కెట్టు చూస్తే ఇరవై రెండు, ఇరవై నాలుగు గంటలుంటుంది. ఇక్కడ ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి ఊళ్ళో అమ్మ తలుపు తీసేదాకా లెక్కేస్తే ముప్ఫై దాటిపోతుంది. ఒక్క ప్రశ్నకి ఇన్ని జవాబులు. ఏ జవాబు ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం చిన్న విషయం కాదని తెలిసినవాళ్ళ ఇళ్ళలో జరిగిన ఒకటి రెండు సంగతులు చూశాక నాకు అనిపించింది. అక్కడికి తర్వాత వస్తాను. ముందు దూరం సంగతి.

మీ ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం ముక్క తీసుకోండి. ఒక కొస డాలస్ మీద, రెండో కొస హైదరాబాదు మీద పెట్టి బిగించి లాగండి. ఆ దారం న్యూయార్కు వైపు పోదు, కాలిఫోర్నియా వైపూ పోదు. తిన్నగా పైకి, ఓక్లహోమా, కాన్సస్ దాటి కెనడా మీదుగా ఉత్తరధ్రువం దాకా పోతుంది. ధ్రువానికి ఐదు వందల కిలోమీటర్ల అవతలనుంచి ఒరుసుకుంటూ వెళ్ళి, రష్యా మీదుగా కిందికి దిగుతుంది. దీనికి కారణం ఉంది. హైదరాబాదు ఉన్నది 78వ తూర్పు రేఖాంశం దాటి కాస్తంత. భూగోళానికి దానికి సరిగ్గా అవతల ఉండే రేఖాంశం పడమర 101, 102ల మధ్య పడుతుంది. అది మన టెక్సాస్‌లోనే అమరిల్లో, లబ్బక్ ఊళ్ళ పక్కనుంచి పోతుంది. డాలస్ దానికి కొంచెం తూర్పున ఉంది. ఇండియా అంటే తూర్పున ఉందనే మనందరి లెక్క. డాలస్‌లో నిలబడి మన ఊరి వైపు చూడాలంటే నిజానికి ఉత్తరానికి తిరగాలి.

దీనివల్ల కొన్ని తమాషాలు జరుగుతాయి. న్యూయార్కు నుంచి హైదరాబాదు సుమారు 12,970 కిలోమీటర్లు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సుమారు 13,540. ఆ రెండు ఊళ్ళ మధ్య నాలుగు వేల కిలోమీటర్ల పైన దూరం ఉంది కదా, హైదరాబాదు నుంచి కొలిస్తే తేడా ఆరు వందలు కూడా లేదు. షికాగో నుంచి 13,280. ఇంతకీ అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే పెద్ద ఊళ్ళలో హైదరాబాదుకి అన్నిటికన్నా దగ్గర ఏదో చెప్పుకోండి చూద్దాం. సియాటిల్! 12,530. తూర్పు తీరంలో ఉన్న న్యూయార్కు కన్నా పడమటి తీరంలో ఉన్న సియాటిల్ దగ్గర. దారి ఉత్తరం మీదుగా కాబట్టి, మనం దక్షిణానికి ఎంత దిగి ఇల్లు కట్టుకుంటే అంత దూరమవుతాం. ఆ లెక్కన హ్యూస్టన్ వాళ్ళది 14,720. మనకన్నా దూరంగా ఉన్నవాళ్ళు ఒకరున్నారని మా డాలస్ వాళ్ళు సంతోషించవచ్చు.

మా తాతగారి రోజుల్లో దూరాన్ని ఆమడల్లో చెప్పేవాళ్ళు. ఆమడంటే సుమారు ఎనిమిది మైళ్ళు అనుకుంటే, డాలస్ హైదరాబాదుకి పదకొండు వందల పైచిలుకు ఆమడలు. భూమి మీద ఏ రెండు చోట్లనైనా కలుపుతూ గీత గీస్తే అది ఇరవై వేల కిలోమీటర్లకి మించదు. అందులో మనం పద్నాలుగు వేల పైన వాడేసుకున్నాం.

సరే, దారం దారిలో ఎగిరే విమానం ఉందా? డాలస్ నుంచి హైదరాబాదుకి నేరుగా ఎగిరే విమానం ఇప్పటిదాకా రాలేదు. అంత దూరం ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానాలు 2018 నుంచి సింగపూర్, న్యూయార్కు ప్రాంతాల మధ్య 15,300 కిలోమీటర్లు ఒకే బిగిని ఎగురుతున్నాయి. సిడ్నీ నుంచి మన డాలస్‌కే 2011లో క్వాంటాస్ వాళ్ళు మొదలుపెట్టారు. అది 13,800. హైదరాబాదు దానికన్నా ఆరు వందలే ఎక్కువ. కాబట్టి చిక్కు దూరంలో లేదు, లెక్కల్లో ఉంది. అంత దూరం పోయే విమానం బయల్దేరేటప్పుడు బరువులో చాలా వంతు ఇంధనమే ఉంటుంది. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్ళీ కొంత ఇంధనం కావాలి. ముందు సీట్లలో ఎక్కువ డబ్బిచ్చి కూర్చునే ఆఫీసుల వాళ్ళు వారంలో ప్రతి రోజూ నిండాలి. వేసవి సెలవులకీ సంక్రాంతికీ నిండిపోయి మిగతా నెలల్లో ఖాళీగా పోయే దారిని ఏ కంపెనీ నడపదు. మనం ప్రయాణాలు చేసేదేమో ఆ రెండు కాలాల్లోనే, అదీ వెనక సీట్లలో!

నేరు విమానం అసలు రాలేదా అంటే వచ్చింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి షికాగోకి వారానికొకటి చొప్పున మొదలుపెట్టింది. మన రాజధాని నుంచి అమెరికాకి మొదటి నేరు విమానం అదే. ఎక్కువ కాలం నిలవలేదు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి వేసిన మొదటి విమానం మీకు గుర్తుండే ఉంటుంది. నలుగురు మహిళా పైలట్లు ఉత్తరధ్రువం మీదుగా పదిహేడు గంటలు నడుపుకుంటూ వెళ్ళారు. కెప్టెన్ జోయా అగర్వాల్ పేరు అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఆ నలుగురిలో కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. ఆ పేరు మనవాళ్ళలో ఎంతమందికి గుర్తుందో మరి.

నేరు విమానం లేదని ఊరికే బాధపడక్కర్లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. డాలస్ నుంచి దుబాయి 12,920 కిలోమీటర్లు. దుబాయి నుంచి హైదరాబాదు 2,550. రెండూ కలిపితే 15,470. నేరు దారికన్నా వెయ్యిన్నీ యాభై కిలోమీటర్లే ఎక్కువ. అంటే గాలిలో ఒక గంటా పది నిమిషాలు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్ళినా 15,370, దుబాయికీ దానికీ వంద కిలోమీటర్ల తేడా. దారి పెద్ద వంకరేమీ కాదన్నమాట. మన టైమంతా పోయేది దిగి, మళ్ళీ తనిఖీలు చేయించుకుని, తర్వాతి విమానం కోసం కూర్చోవడంలో. అక్కడ మూడు గంటలు కూర్చుంటారా పదకొండు గంటలు కూర్చుంటారా అన్నది మీరు ఏ టిక్కెట్టు కొన్నారో దాన్నిబట్టి ఉంటుంది. డబ్బు కలిసొస్తుందని పదకొండు గంటల టిక్కెట్టు కొనేవాళ్ళని నేనేమీ అనను. నలుగురున్న కుటుంబానికి ఆ తేడాతో ఇంకో పని జరుగుతుంది. కానీ దాన్ని కొన్నాక ‘ఇండియా చాలా దూరం బాబూ’ అనకండి. ఆ దూరం కొంత మనం కొనుక్కున్నదే.

ఇక గాలి సంగతి. గోదావరి మీద పడవలో వెళ్ళినవాళ్ళకి గాలివాటం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెరచాప ఎత్తి గాలివాటున పోయే పడవకీ, ఎదురుగాలిలో తెడ్డేసుకుంటూ పోయే పడవకీ ఉన్న తేడానే ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున విమానానికీ ఉంటుంది. ఆ ఎత్తున పడమర నుంచి తూర్పుకి ఒక పెద్ద గాలి ప్రవాహం ఉంది, జెట్ స్ట్రీమ్ అంటారు. డాలస్ నుంచి దుబాయి వెళ్ళేటప్పుడు పద్నాలుగున్నర గంటలు పడితే, దుబాయి నుంచి వచ్చేటప్పుడు పదహారు పైన పట్టేది అందుకే. వచ్చేటప్పుడు మనసు బాగుండక ఎక్కువసేపు అనిపిస్తుందని మా ఆవిడ అంటుంది. మనసు సంగతేమో గానీ, గడియారంలో కూడా ఎక్కువే.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఢిల్లీ శాన్‌ఫ్రాన్సిస్కో విమానం. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో దాన్ని మొదలుపెట్టినప్పుడు అది అట్లాంటిక్ వైపు నుంచి, ఎదురుగాలిలో, 13,900 కిలోమీటర్లు వెళ్ళేది. 2016 అక్టోబరులో ఆ దారి మార్చి పసిఫిక్ మీదుగా పంపడం మొదలుపెట్టారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ. ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటల్లో అయిపోయింది! దూరం పెరిగింది, టైము తగ్గింది. మా పిల్లలకి ఈ లెక్క చెప్తే ముందు నమ్మలేదు. గాలి కలిసొస్తే అంతే మరి.

గాలి దేవుడి చేతిలో ఉంది. ఇంకొకటి మనుషుల చేతిలో ఉంది, అదే ఆకాశం. ఆకాశానికి గేట్లుంటాయని మనకి ఈ మధ్యనే బాగా తెలిసొచ్చింది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక, 2022లో అమెరికా విమానాలకి రష్యా తన ఆకాశాన్ని మూసేసింది. ఇందాక మనం గ్లోబు మీద లాగిన దారం గుర్తుందా, అది రష్యా మీదుగానే దిగుతుంది. ఆ దారి అమెరికా కంపెనీలకి లేకుండా పోయింది. ఎయిర్ ఇండియాకి ఉంది. ఉంటే ఏమయిందో 2023 జూన్‌లో చూశాం. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వస్తున్న విమానం ఇంజనులో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన మగడాన్ అనే ఊళ్ళో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అంతమందికి హోటళ్ళు చాలక వసతి గృహాల్లో, స్కూల్లో పడుకోబెట్టారు. భాష తెలియదు, తిండి అలవాటు లేదు, మందులేమో పెట్టెల్లో ఉన్నాయి. ఇంకో విమానం వచ్చి వాళ్ళని శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చేసరికి జూన్ 8 అయింది. బయల్దేరింది 6న. పదహారు గంటల ప్రయాణమని ఎక్కినవాళ్ళే వాళ్ళందరూ.

2025 ఏప్రిల్‌లో పాకిస్తాను ఇండియా విమానాలకి ఆకాశం మూసింది. అప్పుడు ఎయిర్ ఇండియా వాళ్ళ అమెరికా విమానాలు కొన్ని చుట్టూ తిరిగి, వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో ఇంధనానికి ఆగాల్సి వచ్చింది. ఢిల్లీ వాషింగ్టన్ విమానాన్ని ఆ సెప్టెంబరు నుంచి ఆపేశారు కూడా. అదే ఏడాది జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు ఆకాశం మూస్తే, దోహా వైపు పోతున్న విమానాలు ఎక్కడెక్కడో దిగాయి. ఇంతకుముందు టిక్కెట్టు కొనేటప్పుడు ధర, లగేజీ ఎన్ని కిలోలు, ఎన్ని గంటలు అని చూసేవాళ్ళం. ఇప్పుడు దారి ఏ దేశాల మీదుగా పోతుందో కూడా చూడాలి. ముఖ్యంగా పెద్దవాళ్ళని ఒంటరిగా పంపేటప్పుడు.

గడియారం లెక్క ఒకటి చెప్పి అసలు సంగతికొస్తాను. టిక్కెట్టు మీద బయల్దేరే టైము ఆ ఊరిది, దిగే టైము ఈ ఊరిది. రెండూ తీసేసి ఇంత అనుకుంటే తప్పు లెక్క వస్తుంది. డాలస్‌కీ ఇండియాకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, మార్చి నుంచి నవంబరు మొదటివారం దాకా పదిన్నర. చలికాలంలో బుధవారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి శుక్రవారం తెల్లవారుజామున రెండున్నరకి శంషాబాద్‌లో దిగారనుకోండి. గడియారాలు చూస్తే ముప్ఫై అయిదున్నర గంటలు. అందులోంచి పదకొండున్నర తీసేస్తే ఇరవై నాలుగు. ఇదీ ప్రయాణం.

ఈ ఇరవై నాలుగు దగ్గరే అసలు చిక్కంతా.

మనలో చాలామందికి ఏదో ఒక రోజు ఒక ఫోను వస్తుంది. మనవాళ్ళు ఫోన్లో కబురు మెత్తగా చెప్తారు. ‘నాన్నకి కొంచెం నలతగా ఉందిరా, వీలుంటే ఒకసారి వచ్చి చూసిపో’ అంటారు. ఆ ‘వీలుంటే’ అన్న మాటకి అర్థం ఏమిటో మనకి తెలుసు. ఒక్కోసారి ఆ మాట చెప్పే వ్యవధి కూడా ఉండదు. అయిపోయిందనే చెప్తారు. వెంటనే బాబాయో మేనమామో ఫోను తీసుకుని ఇంకో మాట అడుగుతాడు. ‘ఎప్పటికి చేరతావు? ఉంచమంటావా?’

నాకు తెలిసిన ఒకాయన సంగతి చెప్తాను, పేరు వద్దు. వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు. చలికాలం, మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఇక్కడ ఫోనొచ్చింది. అక్కడ బుధవారం పొద్దున ఎనిమిదిన్నర. ఆయన కంప్యూటర్లో చూశాడు, ఇరవై నాలుగు గంటలని ఉంది. ‘ఉంచండి, రేపు ఈ పాటికల్లా వచ్చేస్తాను’ అన్నాడు. ఆ స్థితిలో ఎవరైనా అదే అంటారు. కానీ దొరికిన మొదటి విమానం బుధవారం మధ్యాహ్నం మూడింటికి. అప్పటికి మన దేశంలో గురువారం తెల్లవారుజామున రెండున్నర. ‘రేపు ఈ పాటికి’ అన్న గడువు వచ్చేసరికి ఆయన ఎక్కి ఆరు గంటలయింది, ఇంకా గల్ఫ్ కూడా చేరలేదు. శుక్రవారం తెల్లవారుజామున రెండున్నరకి శంషాబాద్, అన్నీ ముగించుకుని బయటికొచ్చేసరికి నాలుగు. అక్కణ్ణుంచి కారులో మూడు వందల కిలోమీటర్లు, దారిలో పొగమంచు. ఇంటి ముందు దిగేసరికి పది. ఫోను వచ్చిన దగ్గర్నుంచి నలభై తొమ్మిదిన్నర గంటలు. టిక్కెట్టు మీద ఉన్నదానికి రెట్టింపు.

ఆ నలభై తొమ్మిదిన్నర గంటలూ ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆయనకి తర్వాత తెలిసింది. ఊళ్ళో ఫ్రీజర్ బాక్సు లేదు, తెనాలి నుంచి తెప్పించారు. గురువారం పొద్దున్నే వస్తాడని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బంధువులంతా వచ్చేశారు. రాలేదు. మధ్యాహ్నమయ్యింది, సాయంత్రమయ్యింది. పొద్దుగుంకాక దహనం చెయ్యరు కాబట్టి ఇంకో రాత్రి. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకుండా, వచ్చినవాళ్ళు తినకుండా, డెబ్భై ఏళ్ళ తల్లి ఆ బాక్సు పక్కన రెండు రాత్రులు కూర్చుంది. కొడుకు వచ్చి తలకొరివి పెట్టాడు, ఆమెకి అదే తృప్తి. ఎవరూ ఆయన్ని ఒక్క మాటా అనలేదు. రెండు రోజులని ముందే తెలిసి ఉంటే బంధువులు శుక్రవారం వచ్చేవాళ్ళు, ఆమెని కాసేపు పడుకోబెట్టేవాళ్ళు. అంతే తేడా. ఆ అంతే తేడా ఆ ఇంట్లో చాలా పెద్దది.

ఇంకో ఆవిడ ఉన్నారు. వాళ్ళమ్మగారు పోయినప్పుడు తమ్ముడు ఊళ్ళోనే ఉన్నాడు. అతను అడిగితే ఆవిడ టిక్కెట్టు చూడకుండానే ‘నేను గుమ్మంలోకి వచ్చేసరికి రెండు రోజులు పడుతుందిరా, నా కోసం ఆపకు, నువ్వు కానిచ్చెయ్’ అన్నారు. ఫోను తెర మీద చూశారు. పెద్దకర్మకి వెళ్ళి వచ్చారు. ఆఖరి చూపు దక్కలేదని ఆవిడకి ఇప్పటికీ ఉంటుంది. కొందరు బంధువులు ఒక మాట కూడా అన్నారట. ఈ ఇద్దరిలో ఎవరు చేసింది సరయినదని అడిగితే నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అది ఆ ఇంటివాళ్ళది. కానీ అవతల ఉన్నవాళ్ళు నిర్ణయించుకోవాలంటే మనం చెప్పే అంకె నిజమైనదై ఉండాలి. విమానం గంటలు కాదు, గుమ్మం దాకా గంటలు.

వెనకటికి ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అనేవాళ్ళు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920లలో ఓడలో బోస్టన్ వచ్చారు. 1948లో న్యూయార్కులో పోయారు. మధ్యలో ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. ఓడ ప్రయాణాల రోజుల్లో ‘ఉంచమంటావా’ అని అడిగే ప్రశ్నే లేదు. ఎయిర్ ఇండియా న్యూయార్కు విమానం మొదలయింది 1960లో. వెళ్ళి చూసే వీలు వచ్చాకే మనకీ బాధ వచ్చింది. అందీ అందని దూరం మనది.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే, ఆ ఫోను రాకముందే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే, ఒక ఆదివారం కూర్చుని మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. మీ ఊరి నుంచి రోజూ విమానం ఉందా, వారానికి కొన్ని రోజులేనా? అర్ధరాత్రి తెలిస్తే మర్నాడు ఎన్నింటికి ఎక్కగలరు? హైదరాబాదులో తెల్లవారుజామున దిగితే మీ ఊరికి కారా, రైలా, ఎన్ని గంటలు? విజయనగరం జిల్లా వాళ్ళ లెక్క వేరు, కరీంనగర్ వాళ్ళ లెక్క వేరు. శ్రీకాకుళం వాళ్ళకి ఢిల్లీలోనో హైదరాబాదులోనో దిగి విశాఖపట్నానికి ఇంకో విమానం పట్టుకోవడం మేలేమో చూసుకోవాలి. ఇలాంటి ప్రయాణానికి నేనైతే ఒకే కంపెనీకి రోజుకి రెండు మూడు విమానాలున్న మజిలీ మీదుగా వెళ్ళమంటాను. ఒకటి తప్పితే ఆరు గంటల్లో ఇంకోటి దొరుకుతుంది. వేరే వేరే కంపెనీల టిక్కెట్లు రెండు కలిపి చవగ్గా కొంటే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోవాడు మన మొహం కూడా చూడడు.

ఇంకో దూరం ఉంది, అది ఏ గ్లోబు మీదా కనిపించదు. హెచ్ వన్ మీద ఉన్న కుర్రాళ్ళకి ఇది బాగా తెలుసు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు అయిపోయి ఉంటే, వెళ్ళడానికి ఒక రోజు, తిరిగి రావడానికి ఎన్ని నెలలో. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ లేకుండా ముద్ర వేయించుకునే వీలు చాలామందికి పోయింది. ఆ డిసెంబరులో ఇండియాలో ఎంతోమంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిపారు. తండ్రి కోసం వెళ్ళి, హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో కాన్సులేటు ఎదురుగా తేదీ కోసం చూస్తూ, ఇక్కడ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండా కూర్చున్నవాళ్ళు ఉన్నారు. అందుకే కొందరు వెళ్ళనే వెళ్ళరు. ‘ఏం కొడుకయ్యా, తండ్రి పోతే రాలేదు’ అని ఊళ్ళో అనేవాళ్ళకి ఈ సంగతి తెలియదు. మీరు ఊరు వెళ్ళినప్పుడు కాస్త చెప్పండి. ఇక పౌరసత్వం వచ్చినవాళ్ళు ఇంటిల్లిపాదికీ ఓసీఐ కార్డులు, పాస్‌పోర్టులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఒకే చోట పెట్టుకోండి. ఇక్కడ పుట్టిన పసిపిల్లకి కార్డు తీసుకోలేదని తల్లి ఆగిపోయిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

చివరిగా, ఇటు వచ్చే పెద్దవాళ్ళ గురించి రెండు మాటలు. అమ్మానాన్నలకి టిక్కెట్టు తీసేటప్పుడు మధ్యలో గంటన్నర వ్యవధి ఉన్నది తీయకండి, చక్రాల కుర్చీ వచ్చేసరికే అరగంట పోతుంది. మూడు నాలుగు గంటలుంటే నిదానంగా వెళ్తారు. చక్రాల కుర్చీ అడగడానికి నామోషీ పడతారు, ‘నేను నడవలేనా’ అంటారు. నడవడానికి కాదు నాన్నా, దారి తప్పకుండా ఉండడానికి అని చెప్పండి, ఒప్పుకుంటారు. మగడాన్ సంగతి విన్నారు కదా, మూడు రోజులకి సరిపడా మందులు చేతి సంచిలో ఉండాలి. మీ ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టించండి, ఫోనులో ఉంది కదా అనుకోవద్దు. ఛార్జింగ్ అయిపోతే ఆ నంబరు ఎవరికీ గుర్తుండదు. డాలస్‌లో దిగాక బయటికి రావడానికి గంటన్నర పట్టినా కంగారు పడకండి. ఆవకాయ జాడీ గురించి అడుగుతూ ఉంటారు లెండి.

నా వంతు అయింది. ఇప్పుడు ఫోన్లు తీసుకుందాం. మీ ఊరి నుంచి మీ అమ్మగారి గుమ్మం దాకా ఎన్ని గంటలయిందో చెప్పండి. సియాటిల్ వాళ్ళు కూడా చెయ్యొచ్చు, దగ్గరవాళ్ళని మేమేమీ కుళ్ళుకోం. నమస్కారం.